మందు వాడువారి కంటిపై మన కన్ను

వ్యాధిని మాన్పుటకై మ్రింగిన మందు దేహమున ఒక్కచోటనే పనిచేసి ఊరకుండదు. అది రక్తములో కలిసి ఆపాదమస్తకము తిరుగును. చేరవలసిన చోటికి చేరును. చేరనక్కరలేని చోటికిని చేరును. అట్లు చేరు చోట్లలో మిక్కిలి సుకుమారమైనది కన్ను. ఊపిరితిత్తులలోని క్షయను, కీళ్ళలోని వాపును, గుండెలోని నీరసమును పోగొట్టుటకు ఇచ్చు మందులలో కొన్ని ఒక్కొక్కప్పుడు కంటి నరమునో, కంటిలోని పటలమునో దెబ్బతీయుట వైద్యులెరిగిన విషయమే. వైద్యులెరిగిన ఈ విషయమును పల్లెలోని రోగి తరచుగా ఎరుగడు. ఆ ఎరుకను ఇంటింటికి చేర్చు పని పంచాయతీ సభ్యులు చేయగలరని నమ్మి ఈ పాఠమును వారి ముందుంచుచున్నాము.

మొదటనే ఒక మాట స్పష్టము చేయవలెను. మందులనిన భయము పుట్టించుట మా ఉద్దేశము కాదు. ఇచ్చట పేర్కొనబోవు మందులన్నియు లక్షల మందికి ప్రాణము నిలిపినవే. వాటివలన కంటికి కీడు కలుగువారు కొద్దిమంది. ఆ కీడు కూడ కొన్ని మందుల విషయమున ముందుగా గుర్తు చూపును. మరికొన్ని మందుల విషయమున గుర్తు చూపకపోయినను, పరీక్ష చేసినచో బయటపడును. గుర్తును దాచినవారికి చూపు పోవచ్చును. గుర్తును చూచి బెదరి మందులన్నియు మానివేసిన వారికి ప్రాణమే పోవచ్చును. ఈ రెండు అపాయముల నడుమ రోగిని క్షేమముగా దాటించుట ఎట్లు అనునదే ఈ పాఠము.

చిప్పగిరి వంటి ఊళ్ళలో ఇది ఎందుకు ముఖ్యము?

చిప్పగిరి కర్నూలు జిల్లా పడమటి భాగమున, గుంతకల్లుకు చేరువనున్న మండల కేంద్రము. పెద్ద చికిత్స కావలెనన్న ఇచ్చటివారు గుంతకల్లుకో, ఆదోనికో పోవలెను. కంటికి గట్టి పరీక్షలు కావలెనన్న కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్యశాల వరకు పోవలసి వచ్చును. ఒక దినపు కూలి పోవును. బస్సు చార్జీ అదనము. తోడు వచ్చువారి కూలియు పోవును. కావున చూపు కొంచెము మసకబారినంత మాత్రమున ఎవ్వరును ప్రయాణము కట్టరు. "వయసు మీద పడినది", "ఎండ దెబ్బ తగిలినది" అని సరిపెట్టుకొందురు.

వానలు తప్పిన సంవత్సరములలో ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు ప్రాంతముల నుండి కుటుంబములు సుగ్గికి పోవుట అందరెరిగినదే. గుంటూరు వైపు మిరప కోతలకు, ప్రత్తి తీతలకు పోయినవారు నెలల తరబడి ఊరి ముఖము చూడరు. వారి వెంట మందుల పొట్లము పోవును గాని, మందు ఎట్లు పనిచేయుచున్నదో కనిపెట్టు ఆశా కార్యకర్త పోదు.

ఈ ప్రాంతపు బ్రతుకుతెరువులు కూడ చూపును నమ్ముకొన్నవే. ఎమ్మిగనూరు మగ్గముపై నేయువానికి నూలు రంగు తెలియవలెను. మిరప చేనిలో కోతకు దిగిన ఆడపడుచుకు పండిన కాయ ఏదో, పచ్చికాయ ఏదో తెలియవలెను. గుంతకల్లు రైల్వేలో పనిచేయువానికి ఎర్ర దీపమునకు, పచ్చ దీపమునకు భేదము తెలియవలెను. క్షయకు వాడు ఒక మందు, కీడు చేసినప్పుడు, తరచుగా దెబ్బతీయునది సరిగా ఈ ఎరుపు పచ్చల భేదమునే. కావున ఆ మందుతోనే పాఠమును ప్రారంభింతము.

చికిత్స ఇంటికి వచ్చిన విధము

ఒకప్పుడు క్షయ సోకిన వారిని ఊరికి దూరముగా శానటోరియములలో ఉంచెడివారు. మన రాయలసీమలో మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము అట్టి వాటిలో పేరెన్నిక గన్నది. మంచము దొరకినవారు అదృష్టవంతులు. దొరకని పేదలు ఎందరో. 1956లో మద్రాసున నెలకొల్పబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, ఇంటివద్దనే ఉండి క్రమముగా మందు వాడినవారికిని ఆస్పత్రిలో ఉన్నవారికి వలెనే రోగము నయమగునని నిరూపించెను. 1959లో బెంగుళూరున జాతీయ క్షయ సంస్థ ఏర్పడెను. ఆ సంస్థ రూపొందించిన జిల్లా క్షయ నివారణ పథకమునకు 1960వ దశకము మొదట ప్రయోగక్షేత్రమైనది మనకు పొరుగుననున్న అనంతపురము జిల్లాయే. అచ్చట నేర్చిన పాఠములు తరువాత దేశమంతటికి ఉపయోగపడినవి.

ఈ మార్పు వలన పేదవానికి ఇల్లు విడువకుండ చికిత్స దొరకినది. అయితే దానితోపాటు ఒక బాధ్యత చేయి మారినది. శానటోరియములో రోగిని దినదినము చూచుటకు వైద్యుడుండెను, నర్సు ఉండెను. ఇంట అట్టివారు లేరు. మందు ఇంటికి వచ్చినప్పుడు కాపలాయు ఇంటికే రావలెను. ఆ కాపలాను కుటుంబము, ఆశా కార్యకర్త, పంచాయతీ కలిసి కాయవలెను.

ఇథాంబుటాల్ కంటికి ఏమి చేయును?

సాధారణ క్షయకు నేడు ఇచ్చు మందులు నాలుగు: ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. మొదటి 2 నెలలు నాలుగు మందులును, తరువాతి 4 నెలలు పైరజినమైడ్ తప్ప తక్కిన మూడును ఇత్తురు. వీటిని ఒకే మాత్రలో చేర్చి, రోగి బరువును బట్టి మాత్రల సంఖ్య నిర్ణయింతురు. ఇందులో కంటి విషయమై ముఖ్యముగా గమనింపవలసినది ఇథాంబుటాల్. దీనిని 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కనుగొనిరి. కొందరి చూపును ఇది దెబ్బతీయుచున్నదని 1962 నాటికే వైద్యులు గుర్తించి ప్రకటించిరి.

ఇచ్చట సభ్యులు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. పూర్వము వారమునకు మూడు దినములు మందు మ్రింగు పద్ధతి ఉండెను; అప్పుడు క్రొత్త రోగులకు ఇథాంబుటాల్ సాధారణముగా మొదటి రెండు నెలలు మాత్రమే ఇచ్చెడివారు. 2017లో దేశమంతట ప్రతిదినము మ్రింగు పద్ధతి వచ్చిన పిమ్మట ఈ మందు ఆరు నెలలును సాగుచున్నది. రోగము తిరుగబెట్టకుండుటకు ఇది మేలైన ఏర్పాటే. కాని కంటిని కనిపెట్టి ఉండవలసిన కాలము కూడ దానితో పెరిగినది.

కంటి వెనుక నుండి మెదడునకు పోవు నరమొకటి కలదు. కంటి పటలముపై పడిన బొమ్మను అది మెదడునకు చేర్చును. తీగె మంచిదైనంత వరకు వార్త సరిగా చేరును. తీగె పాడైనచో పంపువాడును, అందుకొనువాడును బాగుగానే ఉన్నను వార్త చెడిపోవును. ఇథాంబుటాల్ దెబ్బతీయునది ఈ తీగెనే. కావున కన్ను పైకి నిర్మలముగానే కనబడును. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. మొదటి దినములలో వైద్యుడు పరికరముతో కంటి లోపల చూచినను మార్పేమియు కనబడకపోవచ్చును. రోగి నోటి మాటయే తొలి సాక్ష్యము.

ఆ మాట సామాన్యముగా ఇట్లుండును. "ఎదుటి మనిషి ముఖము నడుమ మసకగా ఉన్నది." "క్యాలెండరులోని తేదీ కనబడుట లేదు." "సూదిలో దారము ఎక్కించలేకున్నాను." "పండుమిరప రంగు మాసిపోయినట్లున్నది. పచ్చిమిరపకు దానికి తేడా తెలియుట లేదు." రెండు కన్నులకును ఒకేసారి ఇట్లు జరుగుట ఈ మందు కీడు యొక్క లక్షణము. ఎక్కువ మందిలో మందు మొదలుపెట్టిన రెండు నెలలు దాటిన పిమ్మట ఇది కనబడును. అరుదుగా కొలది దినములలోనే కనబడుటయు కలదు.

ఎంతమందికి ఇట్లగును? ఇది మందు మోతాదును బట్టి ఉండును. శరీరపు బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చినప్పుడు నూటికి ఒక్కరికంటె తక్కువ మందికిని, 25 మిల్లీగ్రాముల చొప్పున దీర్ఘకాలము ఇచ్చినప్పుడు నూటికి ఐదారుగురికిని, 35 మిల్లీగ్రాములు మించినప్పుడు నూటికి సుమారు 18 మందికిని కీడు కలుగునని వైద్య గ్రంథములలో సాధారణముగా చెప్పు లెక్క. కావున రోగిని తూచి మందు ఇచ్చుట లాంఛనము కాదు. తూకము తప్పినచో మోతాదు తప్పును. మోతాదు తప్పినచో కన్ను తప్పును.

మందులకు లొంగని మొండి క్షయకు ఇచ్చు లినజోలిడ్ అను మందు కూడ దీర్ఘకాల వాడుకలో ఇట్లే కంటి నరమును, కాళ్ళలోని నరములను దెబ్బతీయగలదు. అరికాళ్ళు తిమ్మిరి, మంట అని చెప్పు రోగిని చూపు విషయము కూడ అడుగుట మంచిది.

ఎర్రని కన్నీరు వేరు, మాసిన ఎరుపు వేరు

క్షయ మందు మొదలుపెట్టిన కొలది గంటలలోనే మూత్రము నారింజ రంగున పోవును. చెమటయు, కన్నీరును ఆ రంగునకు తిరుగవచ్చును. ఇది చూచి రక్తము పోవుచున్నదని బెదరి మందు మానివేయువారు కలరు. ఇది రిఫాంపిసిన్ రంగు. దీనివలన హాని లేదు. చికిత్స ముగిసిన పిమ్మట పోవును. ఈ సంగతిని మొదటి దినముననే చెప్పవలెను.

కంటిలో నుండి వచ్చు నీటి రంగు మారినచో భయము లేదు. కంటికి కనబడు వస్తువు రంగు మారినచో ఆలస్యము పనికిరాదు. ఈ రెండు వాక్యములను గ్రామములో ప్రతి క్షయ రోగి ఇంట చెప్పగలిగినచో సగము పని జరిగినట్లే.

చేయరాని పనులు రెండు

మొదటిది, దాచుట. చూపు తగ్గినదని చెప్పినచో మందు ఆపివేయుదురేమో, మరల మొదటి నుండి వాడవలసి వచ్చునేమో అని కొందరు నోరు మెదపరు. కంటి నరము దెబ్బతినుచున్నప్పుడు ప్రతి దినపు మోతాదును నష్టమును పెంచును. గుర్తు కనబడిన వెంటనే ఇథాంబుటాల్ ఆపినచో చాలమందికి కొన్ని వారములలోనో, నెలలలోనో చూపు మెరుగుపడును. ఆలస్యమైనచో కొందరికి తిరిగి రాదు. వృద్ధుల విషయమున ఈ అపాయము మరింత అధికము.

రెండవది, తమంతట తాము అన్ని మందులను మానివేయుట. కంటికి కీడు చేయునది ఒక్క మందు. దానికై నాలుగింటిని మానినచో క్షయ తిరుగబెట్టును, మందులకు లొంగని రూపము దాల్చును, ఇంటిలోని పిల్లలకు అంటుకొనును. వైద్యుడు చేయు పని వేరు. అతడు ఇథాంబుటాల్‌ను విడదీసి ఆపి, తక్కిన మందులు సాగించును. అవసరమైనచో వేరొకటి చేర్చును. ఇది వైద్యుడు మాత్రమే చేయదగిన నిర్ణయము. సభ్యుడు చేయవలసినది రోగిని ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని ఎదుట నిలుపుట. వైద్యుడు దొరకని పక్షమున నిక్షయ్ సహాయ కేంద్రమునకు 1800-11-6666 నంబరుకు ఫోను చేసి సలహా అడుగవచ్చును.

ఎవరి విషయమున ఎక్కువ జాగ్రత్త?

ఇథాంబుటాల్ దేహమును విడిచి పోవు దారి ముఖ్యముగా మూత్రపిండములు. కావున మూత్రపిండముల జబ్బు గలవారిలో ఈ మందు పేరుకొనిపోయి కంటికి కీడు చేయును. చక్కెర వ్యాధి ముదిరినవారు, అరువదేండ్లు దాటినవారు, ముందునుండియే చూపు మందముగా ఉన్నవారు వైద్యునికి ఆ సంగతి మొదటనే చెప్పవలెను. సారాయి, పొగాకు కూడ కంటి నరమును బలహీనపరచునవే. మందు వాడుకాలమున వాటిని విడుచుట రెండు విధముల మేలు. పసిపిల్లలు చూపు తగ్గినదని చెప్పలేరు. ఆడుకొను వస్తువును తడుముకొనుచున్నారా, గోడకు గడపకు తట్టుకొనుచున్నారా అని తల్లియే కనిపెట్టవలెను.

కంటి చుక్కలలోని అపాయము

ఇంతవరకు చెప్పినది మ్రింగు మందుల సంగతి. ఇక కంటిలోనే వేయు మందును గూర్చి చెప్పుదుము. ఈ సీమలో ఎండ హెచ్చు, గాలిలో ధూళి హెచ్చు. ఆదోని ప్రత్తి మిల్లులలో పనిచేయువారి కన్నులలో దూది నలుసులు పడుచుండును. వేసవి రాగానే కొందరు పిల్లల కన్నులు విపరీతముగా దురద పెట్టి ఎర్రబారును. తల్లి మందుల దుకాణమునకు పోయి "కంటి చుక్కలు ఈయవలె" నని అడుగును. ఇచ్చిన చుక్కలు వేసిన మరునాటికే ఎరుపు విరిగి కన్ను తెల్లబడును. ఇంత మంచి మందు మరియొకటి లేదని సీసా వెంట సీసా కొనుచుందురు.

ఇట్లు ఇంద్రజాలము వలె పనిచేయు చుక్కలలో పెక్కింటియందు స్టీరాయిడు ఉండును. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనునవి వాటి పేర్లు. ఒక్కొక్కప్పుడు వేరొక మందుతో కలిసి ఒకే సీసాలో ఉండును. వైద్యుడు చెప్పినన్ని దినములు వాడినప్పుడు ఇవి కంటిని కాపాడు మందులే. వారముల తరబడి వాడినచో కొందరిలో కంటి లోపలి ఒత్తిడిని పెంచును. సుమారు మూడవ వంతు మందిలో కొంత, నూటికి నాలుగైదుగురిలో మిక్కిలి ఎక్కువగా ఒత్తిడి పెరుగునని 1960వ దశకపు పరిశోధనల నాటినుండి తెలిసియున్నది. ఆ ఒత్తిడి కంటి నరమును నలిపివేయును. మన పెద్దలు నీటికాసులని పిలుచు వ్యాధి ఇదియే. దీనివలన పోయిన చూపు తిరిగి రాదు. నొప్పి లేకుండ పక్కచూపు మొదట పోవును గనుక బాలుడు చెప్పలేడు, తల్లి కనిపెట్టలేదు. పరీక్ష ఒక్కటే దీనిని పట్టగలదు. ఇట్లే దీర్ఘకాలపు వాడుక వలన చిన్న వయస్సుననే శుక్లములు వచ్చుటయు కలదు.

కోతల కాలమున జొన్న ఆకు గాని, వరి వెన్ను గాని, కంప గాని కంటికి గీచుకొన్నప్పుడు ఈ చుక్కలు వేయుట మరింత ప్రమాదము. అట్టి గాయములో బూజు జాతి క్రిమి చేరి నల్లగ్రుడ్డుపై పుండు పెట్టును. స్టీరాయిడు ఎరుపును అణచి, క్రిమికి మాత్రము బలమిచ్చును. పైకి తగ్గినట్లు కనబడుచు లోపల గ్రుడ్డు కరగిపోవును. చేనిలో కంటికి దెబ్బ తగిలినచో శుభ్రమైన నీటితో కడిగి, ఏ చుక్కలును వేయక, ఆ దినముననే వైద్యుని చూపవలెను.

మరికొన్ని మందులు

కీళ్ళవాతమునకు సంవత్సరముల తరబడి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడువారు కలరు. దీని జాతిదే అయిన క్లోరోక్విన్ కంటి పటలమును దెబ్బతీయగలదని 1959లో ఇంగ్లండు వైద్యులు ప్రకటించిరి. చలిజ్వరమునకు మూడు దినములు మ్రింగిన క్లోరోక్విన్ వలన ఈ భయము లేదు, దీర్ఘకాలము వాడువారికే. వారు మొదటి సంవత్సరముననే ఒకసారి పటలము పరీక్ష చేయించుకొని, ఐదేండ్లు దాటిన పిమ్మట ఏటేటను చేయించుకొనవలెనని నేటి నేత్ర వైద్యుల నియమము.

మోకాళ్ళ నొప్పులకు, ఉబ్బసమునకు గుర్తు తెలియని మాత్రలు మ్రింగి "ఒక్క మాత్రకే లేచి నడిచితిని" అని చెప్పువారు గ్రామములలో కలరు. అట్టి మాత్ర స్టీరాయిడు కావచ్చును. దానివలన శుక్లము, కంటి ఒత్తిడి, చక్కెర వ్యాధి మూడును రావచ్చును.

ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము సరిగా రాని వృద్ధులకు టామ్సులోసిన్ అను మందు ఇత్తురు. ఇది మామూలు చూపును చెరుపదు. కాని శుక్లమునకు శస్త్రచికిత్స జరుగునప్పుడు కంటిపాప చుట్టు ఉండు తెర వదులై వైద్యునికి ఇబ్బంది కలిగించునని 2005లో గుర్తించిరి. వైద్యునికి ముందుగా తెలిసినచో తగిన ఏర్పాటు చేసికొనును. కావున కంటి ఆపరేషనుకు పోవు ప్రతి వృద్ధుడును తాను మ్రింగు మందుల చీటీలన్నియు వెంట తీసికొనిపోవలెను.

గుండె జబ్బునకు డిగాక్సిన్ వాడువారికి వస్తువులు పసుపుపచ్చగా కనబడినచో అది మందు మోతాదు మించినదనుటకు గుర్తు కావచ్చును. ఈ మందునకు మూలమైన మొక్కను గూర్చి 1785లో ఇంగ్లండులో విలియం విదరింగ్ అను వైద్యుడు వ్రాసిన గ్రంథముననే ఈ రంగు మార్పు ప్రస్తావింపబడినది. ఈ మందు విషయమునను రంగు మారుటయే హెచ్చరిక.

జపాను నేర్పిన పాఠము

మందు వలన కలిగిన కీడును గుర్తింపకున్నచో ఏమి జరుగునో జపాను దేశపు అనుభవము తెలుపును. 1950వ దశకము చివర నుండి అచ్చట ఒక క్రొత్త రోగము కనబడెను. మొదట కడుపునొప్పి, విరేచనములు. పిమ్మట కాళ్ళు తిమ్మిరెక్కి పడిపోవుట. కొందరికి చూపు పోవుట. అది అంటురోగమని తలంచి రోగులను వెలివేసినట్లు చూచిరి. 1970లో కొందరు రోగుల నాలుకపై ఆకుపచ్చ పూతయు, ఆకుపచ్చని మూత్రమును కనబడగా, ఆ రంగును పరీక్షించిరి. అది విరేచనములకు వారు వాడుచున్న క్లియోక్వినాల్ అను మందే అని తేలెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో దాని అమ్మకమును నిషేధించిరి; క్రొత్త రోగులు రావటము ఆగిపోయినది. అప్పటికి సుమారు 11,000 మంది దెబ్బతినియుండిరి.

రోగి శరీరమున కనబడిన మార్పును ఎవరో ఒకరు శ్రద్ధగా గమనించి పైవారికి తెలుపుట వలననే ఈ సత్యము వెలుగు చూచినది. మన దేశమున ఇందుకొరకు 2010 నుండి మందుల దుష్ఫలితములను నమోదు చేయు జాతీయ కార్యక్రమము నడచుచున్నది. దాని కేంద్రము గాజియాబాదులోని భారత ఔషధ ప్రమాణ సంఘము. 1800-180-3024 నంబరుకు ఖర్చు లేకుండ ఫోను చేసి వైద్యులే కాక సామాన్యులును తెలుపవచ్చును. మందు పేరు, ఎన్ని దినములు వాడిరి, ఏమి జరిగినది అను మూడు సంగతులు చెప్పిన చాలును.

పంచాయతీ చేయదగిన పనులు

ఆరోగ్యము, పారిశుధ్యము పంచాయతీల పరిధిలోని విషయములని రాజ్యాంగపు 11వ షెడ్యూలులోనే చెప్పబడినది. 2023 మార్చి 24న క్షయరహిత పంచాయతీల కార్యక్రమము కూడ ప్రారంభింపబడినది. చికిత్స పూర్తి చేసినవారి లెక్క మంచిగా ఉండవలెనని ప్రతి పంచాయతీయు కోరును. ఆ లెక్కలోని మనిషి రోగము కుదిరి, కన్ను పోగొట్టుకొన్నచో అది విజయము కాదు. కావున ఈ క్రింది పనులను సూచించుచున్నాము.

1. క్షయ మందు మొదలుపెట్టు దినముననే చూపును, రంగుల గుర్తింపును పరీక్షింపుమని ఆరోగ్య కేంద్రమును కోరవలెను. మొదటి చూపు ఎంతయో తెలియనిదే తరువాత తగ్గినదో లేదో తెలియదు. రంగు చుక్కలలో అంకెను గుర్తింపజేయు ఇషిహారా పుస్తకము 1917 నాటినుండి వాడుకలో ఉన్నది; పరీక్షకు కొలది నిమిషములు చాలును.

2. ఇంటిలో వారమునకొకసారి గోడ క్యాలెండరు పరీక్ష చేయింపవలెను. ఒకే చోట నిలిచి, ఒకే వెలుతురులో, ఒక కంటిని అరచేతితో మూసి రెండవ కంటితో తేదీలు చదువవలెను. పిమ్మట రెండవ కన్ను మూసి చదువవలెను. చదువురానివారు సూదిలో దారమెక్కించియో, చాటలోని మెరిగెలు ఏరియో చూచుకొనవచ్చును. ఒక పండుమిరపను, ఒక పచ్చిమిరపను ప్రక్క ప్రక్కన పెట్టి రంగు మాసినదా అని చూడవలెను. ఇది వైద్య పరీక్షకు బదులు కాదు. వైద్యుని యొద్దకు ఎప్పుడు పరుగెత్తవలెనో తెలుపు గంట.

3. సుగ్గికి పోవు కుటుంబములో మందు వాడువారున్నచో బయలుదేరు ముందే ఆశా కార్యకర్తకు తెలుపవలెను. నిక్షయ్ నమోదు సంఖ్య దేశమున ఎచ్చటనైనను చెల్లును. ఆ సంఖ్యను, మందుల పేర్లను చీటీపై వ్రాసి ఇచ్చినచో పోయిన ఊరిలోని ఆరోగ్య కేంద్రమున చికిత్స సాగించుకొనవచ్చును. కంటికి ఏమైన జరిగినను అచ్చటి వైద్యునికి అర్థమగును.

4. మందుల దుకాణదారులతో పంచాయతీ మాటలాడవలెను. స్టీరాయిడు కంటి చుక్కలు షెడ్యూలు హెచ్ క్రింద వచ్చును; వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. 2014 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చిన హెచ్ 1 షెడ్యూలులో ఇథాంబుటాల్ మొదలైన క్షయ మందులు చేరినవి. వీటి పెట్టెపై ఎర్ర గీతల చట్రములో హెచ్చరికయు, ఎర్రని ఆర్.ఎక్స్. గుర్తును ఉండును. అమ్మినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు, పరిమాణము పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. దుకాణదారునితో తగవు పడనక్కరలేదు. నియమము ఊరివారికి తెలిసియున్నదని అతనికి తెలిసిన చాలును.

5. గ్రామసభలో ఈ సంగతులను చదివి వినిపింపవలెను గాని రోగుల పేర్లు చదువరాదు. క్షయ సోకినదని ఊరందరికి తెలిసినచో పెండ్లి సంబంధము తప్పునేమో, కూలికి పిలువరేమో అను భయము నేటికిని ఉన్నది. ఆ భయమే రోగిని మాటలాడనీయదు. స్త్రీల విషయమున సభ్యురాండ్రు ఇంటికి పోయి మెల్లగా అడుగుట ఉత్తమము.

అడుగవలసిన ప్రశ్న ఒక్కటే

ఇన్ని మందుల పేర్లు గుర్తుంచుకొనుట సభ్యులకు కష్టము. గుర్తుంచుకొననక్కరలేదు. దీర్ఘకాలము ఏ మందు వాడువారు ఎదురుపడినను "అన్నా, మందు మొదలైన తరువాత చూపులో గాని, రంగులలో గాని ఏమైన తేడా వచ్చినదా?" అని, "అమ్మా, బిడ్డకు ఆ కంటి చుక్కలు ఎన్నాళ్ళ నుండి వేయుచున్నావు?" అని అడిగిన చాలును. తేడా ఉన్నదన్నచో ఆ దినముననే వైద్యుని చూపించుట. నెలలైనదన్నచో కంటి ఒత్తిడి పరీక్షకు పంపుట. ఈ ప్రశ్నకు ఖర్చు లేదు, తీర్మానము అక్కరలేదు. చిప్పగిరి వీధిలో గాని, ఆదోని మార్కెట్ యార్డులో గాని, గుంతకల్లు బస్సులో గాని అడుగవచ్చును. రాబోవు గ్రామసభకు ముందు ప్రతి సభ్యుడును తన వార్డులో మందు వాడువారి ఇండ్లకు ఒక్కమారు పోయి ఈ ప్రశ్న అడిగి రావలెనని కోరుచున్నాము.